కత్తి పెడితే కనబడని రసాయనం

తొడ కండరంలోంచి గోరంత ముక్క కోసి గాజుపలక మీద పెట్టారనుకోండి. చూడ్డానికి అది ఒంట్లో ఉన్నప్పటిలాగే ఉంటుంది. మైక్రోస్కోపు కింద పెట్టినా పోగులు, వాటి మీది అడ్డచారలు, కేంద్రకాలు ఎక్కడివక్కడే కనిపిస్తాయి. లోపలి రసాయనం మాత్రం అప్పటికే మారిపోతూ ఉంటుంది. రక్తం ఆగిపోయింది, దాంతో ఆక్సిజనూ ఆగిపోయింది. కణాలేమో ఉన్న నిల్వలు ఖర్చుపెట్టుకుంటూ ఇంకా బతకాలనే చూస్తాయి. ఫాస్ఫోక్రియాటిన్ అనే శక్తి నిల్వ తరిగిపోతుంది, లాక్టిక్ ఆమ్లం పేరుకుంటుంది, కణం లోపల ఆమ్లత్వం పెరుగుతుంది. ముక్క లాబొరేటరీకి చేరేసరికి మనం కొలవాలనుకున్నదే అక్కడ ఉండదు.

‘ముక్క తీసి పరీక్షకు పంపారు’ అన్న మాట వినని ఇల్లు ఈ రోజుల్లో తక్కువ. బయాప్సీ విలువను తక్కువ చేయడానికి లేదు. క్యాన్సరా కాదా అన్నది కణాల ఆకారం చెబుతుంది, ఆ ఆకారాన్ని ఫార్మలిన్ పదిలంగా పట్టి ఉంచుతుంది. శక్తి నిల్వల్ని, ఆమ్లత్వాన్ని ఫార్మలిన్ పట్టి ఉంచలేదు. అందుకే పాతకాలపు జీవరసాయన శాస్త్రజ్ఞులు లోహపు పటకారును ద్రవ నైట్రోజన్‌లో ముంచి, జంతువు అవయవాన్ని దాంతో ఒక్క నొక్కు నొక్కి క్షణంలో గడ్డకట్టించేవారు. ఆ తర్వాత దాన్ని పొడి చేసి, ఆమ్లంలో కలిపి, లెక్కలు కట్టేవారు. అంత జాగ్రత్త పడ్డా ఆ తతంగంలోనే కొంత ఫాస్ఫోక్రియాటిన్ విరిగిపోయేది. మనిషి మీద ఆ పటకారు వాడే ప్రశ్నే లేదు.

మాగ్నెటిక్ రెసొనెన్స్ స్పెక్ట్రోస్కోపీ గురించి రాసేవాళ్లు సాధారణంగా ‘కోత లేదు, నొప్పి లేదు’ అని మొదలుపెడతారు. నిజమే. కానీ రోగికి కలిగే సుఖం కంటే పెద్ద సంగతి ఒకటుందని నాకనిపిస్తుంది. కొన్ని విషయాలు కోయకపోతేనే తెలుస్తాయి. కోస్తే అబద్ధం చెబుతాయి.

ఈ పద్ధతికి వాడేది ఎమ్మారై యంత్రాన్నే. అదే సొరంగం, అదే మోత, అదే కదిలే బల్ల. ఎమ్మారై బొమ్మ ప్రధానంగా నీటి అణువులు, కొవ్వు అణువులు ఎక్కడ ఎంత ఉన్నాయో చూపే చిత్రం. స్పెక్ట్రోస్కోపీలో బొమ్మ ఉండదు, ఒక గీత ఉంటుంది. ఆ గీతలో అక్కడక్కడా లేచే శిఖరాలు ఒక్కొక్కటి ఏదో ఒక పదార్థానిది. శిఖరం ఉన్న చోటును బట్టి ఆ పదార్థమేదో తెలుస్తుంది, దాని కింది వైశాల్యాన్ని బట్టి అదెంత ఉందో తెలుస్తుంది.

ఇది ఎలా సాధ్యమంటే: హైడ్రోజన్, ఫాస్ఫరస్-31, కార్బన్-13 లాంటి కొన్ని పరమాణు కేంద్రకాలు తమంతట తామే అతిచిన్న అయస్కాంతాలు. వాటిని బలమైన అయస్కాంత క్షేత్రంలో పెడితే క్షేత్రం దిశ చుట్టూ ఒక నిర్ణీత వేగంతో తిరుగుతాయి. సరిగ్గా అదే పౌనఃపున్యంలో రేడియో తరంగం పంపితే దాన్ని గ్రహిస్తాయి, తరంగం ఆపగానే తిరిగి సన్నటి రేడియో సంకేతం ఇస్తాయి. హైడ్రోజన్‌కు ఆ లెక్క క్షేత్రబలం ఒక్కో టెస్లాకు 42.58 మెగాహెర్ట్జ్. ఆస్పత్రుల్లో ఉండే 3 టెస్లా యంత్రంలో అది దాదాపు 128 మెగాహెర్ట్జ్ అవుతుంది. హైదరాబాదులోనో విజయవాడలోనో మనం వినే ఎఫ్‌ఎం స్టేషన్లు 88 నుంచి 108 మెగాహెర్ట్జ్ మధ్యలో ఉంటాయి, అంటే ఇది వాటి పక్కింటి తరంగమే. ఎమ్మారై గది గోడలకు లోపల రాగి రేకు తొడిగేది అందుకే. లేకపోతే శరీరం పంపే సన్న సంకేతంలో బయటి ప్రసారాలు కలిసిపోతాయి.

ఈ తరంగానికి అణుబంధాన్ని తెంచే శక్తి లేదు. ఎక్స్‌రే ఫోటాన్‌కు ఉండే శక్తిలో దీనికి వెయ్యి కోట్లో వంతు కూడా ఉండదు. ఒళ్లు కాస్త వెచ్చబడుతుంది, ఆ వేడి పరిమితి దాటకుండా యంత్రమే లెక్క చూసుకుంటుంది. అసలు ప్రమాదం అయస్కాంతంతోనే. పాత రకం పేస్‌మేకర్, కంట్లో ఇనుప రజను, ఎవరో మరిచిపోయి లోపలికి తోసుకొచ్చిన ఆక్సిజన్ సిలిండర్, ఇవీ భయపడవలసినవి. ‘హాని లేని పరీక్ష’ అన్న మాట గది తలుపు దగ్గర తనిఖీ సరిగ్గా జరిగినంతవరకే నిజం.

1946లో స్టాన్‌ఫర్డ్‌లో ఫెలిక్స్ బ్లాక్, హార్వర్డ్‌లో ఎడ్వర్డ్ పర్సెల్ విడివిడిగా ఈ అనునాదాన్ని పట్టుకున్నారు, 1952లో నోబెల్ పంచుకున్నారు. అప్పటికి వాళ్ల దృష్టంతా భౌతికశాస్త్రం మీదే. కేంద్రకాల అయస్కాంత బలాన్ని మరింత కచ్చితంగా కొలవాలి, అంతే. స్టాన్‌ఫర్డ్‌లోనే ప్రాక్టర్, యూ అనే ఇద్దరు నైట్రోజన్ కేంద్రకాన్ని కొలుద్దామని అమ్మోనియం నైట్రేట్ ద్రావణం తీసుకుంటే ఒక గీతకు బదులు రెండు గీతలొచ్చాయి. ఒకే మూలకానికి రెండు కొలతలేమిటి? కారణం ఎలక్ట్రాన్లు. కేంద్రకం చుట్టూ ఉండే ఎలక్ట్రాన్లు బయటి క్షేత్రాన్ని రవ్వంత అడ్డుకుంటాయి. ఏ అణువులో, ఏ బంధంలో ఉందన్నదాన్ని బట్టి ఆ అడ్డు మారుతుంది, దాంతో పౌనఃపున్యం పది లక్షల్లో కొన్ని వంతులు అటూ ఇటూ జరుగుతుంది. భౌతికశాస్త్రవేత్తకు ఇది చిరాకు, రసాయనశాస్త్రవేత్తకు వరం. 1951లో అదే స్టాన్‌ఫర్డ్ నుంచి ఆర్నాల్డ్, ధర్మట్టి, ప్యాకార్డ్ అనే ముగ్గురు మామూలు ఇథైల్ ఆల్కహాల్ తీసుకుని మూడు శిఖరాలు విడివిడిగా చూపించారు. అణువులో మూడు చోట్ల ఉన్న హైడ్రోజన్లు మూడు, రెండు, ఒకటి. శిఖరాల వైశాల్యాలూ అదే నిష్పత్తిలో ఉన్నాయి. వాళ్లలో ఎస్.ఎస్. ధర్మట్టి మనవాడే. తర్వాత బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూట్‌కు వచ్చి ఈ రంగంలో పరిశోధన బృందాన్ని నిలబెట్టాడు.

అక్కడి నుంచి ప్రాణమున్న కణజాలానికి రావడానికి ఇంకో ఇరవై ఏళ్ల పైనే పట్టింది. 1973లో అమెరికాలో మూన్, రిచర్డ్స్ ఎర్రరక్తకణాల లోపలి పీహెచ్‌ను ఫాస్ఫరస్ శిఖరాలతో కొలిచారు. మరుసటేడు ఆక్స్‌ఫర్డ్‌లో జార్జ్ రాడా బృందం ఎలుక కాలి కండరాన్ని అప్పటికప్పుడు తీసి అయస్కాంతంలో పెట్టింది. ఆమ్లంలో కలపలేదు, నూరలేదు. నిమిషాల్లో తెర మీద ఐదు ప్రధాన శిఖరాలు లేచాయి. కణానికి నేరుగా శక్తినిచ్చే ఏటీపీవి మూడు, ఫాస్ఫోక్రియాటిన్‌ది ఒకటి, విడి ఫాస్ఫేట్‌ది ఒకటి. అలాగే వదిలేసి మళ్లీ మళ్లీ గీత తీస్తూ పోతే ఫాస్ఫోక్రియాటిన్ కుంగింది, విడి ఫాస్ఫేట్ పెరిగింది, చివరికి ఏటీపీ కూడా దిగజారింది. కోసిన కండరం ఎలా చనిపోతుందో కళ్లెదుటే కనబడింది. కోయని కండరాన్నీ ఇలాగే చూడొచ్చు కదా అన్న ప్రశ్న వెంటనే పుడుతుంది. దానికి రెండు అడ్డంకులు. మనిషి అవయవం పట్టేంత అయస్కాంతం ఒకటి, చర్మం కింది ఒక్క చోటు నుంచే సంకేతం తీసే ఉపాయం ఇంకొకటి. రెండోదాన్ని 1980లో అదే బృందం తేల్చింది. చర్మం మీద పరిచే చిన్న రాగితీగ చుట్ట చాలు, అది దాని కిందున్న కాస్త లోతు కణజాలాన్నే ‘వింటుంది’.

చేయి పట్టే అయస్కాంతం కూడా దొరికాక, ఇక ఆ చుట్ట మీద మనిషి ముంజేయి పెట్టడమే మిగిలింది. 1981లో ఆక్స్‌ఫర్డ్ వైద్యులు ప్రచురించిన ఒక కేసు దగ్గర కాస్త ఆగాలి. మెకార్డిల్ వ్యాధి అని అనుమానం ఉన్న రోగి అతను. 1951లో లండన్ వైద్యుడు బ్రయాన్ మెకార్డిల్ మొదటిసారి వర్ణించిన జబ్బు అది. కాస్త బరువు పని చేస్తే చాలు కండరాలు నొప్పెట్టి బిగుసుకుపోతాయి. కండరంలో గ్లైకోజెన్ అనే నిల్వ చక్కెర నిండుగా ఉంటుంది, దాన్ని విరగ్గొట్టే ఎంజైమే ఉండదు. గాదె నిండా ధాన్యం ఉండి తాళంచెవి పోయినట్టు. నిర్ధారించాలంటే అప్పట్లో మామూలుగా కండరం ముక్క కోయాల్సి వచ్చేది.

ఇక్కడ కోయలేదు. రోగి చేయి అయస్కాంతంలో ఉండగానే పిడికిలి బిగించి వదలమన్నారు. మనలో ఎవరైనా అలా చేస్తే రెండు మార్పులు కనిపిస్తాయి. ఫాస్ఫోక్రియాటిన్ తగ్గుతుంది, విడి ఫాస్ఫేట్ పెరుగుతుంది. అంతేకాదు, ఆ విడి ఫాస్ఫేట్ శిఖరం ఉన్నచోట ఉండకుండా పక్కకు జరుగుతుంది. ఫాస్ఫేట్ కణంలో రెండు రూపాల్లో ఉంటుంది, ఒకదానికి హైడ్రోజన్ ఒకటి ఎక్కువ. రెండూ క్షణానికి వేలసార్లు ఒకదాన్నుంచి ఒకటిగా మారుతుంటాయి కాబట్టి శిఖరం రెండింటి సగటు చోటులో నిలబడుతుంది. ఆమ్లం పెరిగితే సగటు ఒక పక్కకు వాలుతుంది. అంటే శిఖరం జరిగిన దూరమే పీహెచ్ మీటరు. సూది గుచ్చనక్కర్లేదు, కణం లోపలి ఆమ్లత్వం నేరుగా చదువుకోవచ్చు. ఆరోగ్యవంతుడి చేతిలో వ్యాయామంతో పాటు ఆమ్లం పెరుగుతుంది, శిఖరం ఫాస్ఫోక్రియాటిన్ వైపు జరుగుతుంది. ఈ రోగి చేతిలో ఫాస్ఫోక్రియాటిన్ ఖర్చయింది గాని ఆమ్లం పెరగలేదు. గ్లైకోజెన్ విరగడం లేదు, అందుకే లాక్టిక్ ఆమ్లం పుట్టడం లేదు. జబ్బు అక్కడే దొరికిపోయింది. కోసిన ముక్క ఎంజైమ్ లేదని చెప్పగలదు. ఎంజైమ్ లేని కండరం పని చేస్తున్నప్పుడు ఎలా ఉంటుందో చెప్పలేదు.

ఆక్స్‌ఫర్డ్‌లో పెద్దవాళ్ల చేతులు చూస్తున్న రోజుల్లోనే లండన్ యూనివర్సిటీ కాలేజీలో పసిపిల్లల తలలు చూడటం మొదలైంది. 1983లో వాళ్ల మొదటి ఫలితాలు వచ్చాయి. కాన్పు సమయంలో ఆక్సిజన్ అందక, పుట్టగానే ఏడవని పిల్లలు వాళ్ల ముందున్న సమస్య. వైద్యులు ఊపిరి పోస్తారు, గుండె కుదుటపడుతుంది, ఒళ్లు ఎరుపెక్కుతుంది. గండం గడిచిందనుకుంటారు. మొదటి గంటల్లో మెదడు ఫాస్ఫరస్ గీత కూడా మామూలుగానే ఉండేది. ఒకరోజు గడిచాక మళ్లీ తీస్తే ఫాస్ఫోక్రియాటిన్ కుంగిపోయి ఉండేది. అప్పుడు రక్తానికీ లోటు లేదు, ఆక్సిజన్‌కూ లోటు లేదు. అయినా కణాలు శక్తిని తయారుచేసుకోలేకపోతున్నాయి. ఎంత లోతుకు కుంగితే తర్వాత బిడ్డ ఎదుగుదల అంతగా దెబ్బతినేది.

దెబ్బ రెండు విడతల్లో తగులుతోందనీ, మధ్యలో కొన్ని గంటల వ్యవధి ఉందనీ దీంతో బయటపడింది. కోసి చూసే పద్ధతిలో ఇది తెలిసే వీలే లేదు. అదే బిడ్డ మెదడును ఇవాళ, రేపు, ఎల్లుండి చూడాలి. ఆ వ్యవధిలో ఏం చేయొచ్చన్న ఆలోచన నుంచి పందిపిల్లల మీద ప్రయోగాలు, వాటి నుంచి శరీరాన్ని చల్లబరిచే చికిత్స వచ్చాయి. పుట్టిన 6 గంటల్లోపు మొదలుపెట్టి 72 గంటలపాటు బిడ్డ ఒంటి ఉష్ణోగ్రతను 33, 34 డిగ్రీల మధ్య ఉంచడం ఆ చికిత్స. ధనిక దేశాల్లో 2005 నుంచి వచ్చిన పెద్ద అధ్యయనాల్లో ఇది మేలు చేసింది, అక్కడ అది మామూలు వైద్యం అయిపోయింది.

మన దగ్గర కథ ఇంత సాఫీగా నడవలేదు. భారత్, శ్రీలంక, బంగ్లాదేశ్ ఆస్పత్రుల్లో 408 మంది శిశువులతో జరిగిన హీలిక్స్ అధ్యయనం ఫలితాలు 2021లో వచ్చాయి. చల్లబరిచిన పిల్లల్లో 42 శాతం, చల్లబరచని పిల్లల్లో 31 శాతం చనిపోయారు. వైకల్యమూ తగ్గలేదు. మన పిల్లల్లో దెబ్బ కాన్పు గంటల్లో ఒక్కసారిగా కాక అంతకు ముందు నుంచే నెమ్మదిగా తగులుతూ ఉండొచ్చు, చల్లబరిచే వేళకే ఆ మధ్య వ్యవధి దాటిపోయి ఉండొచ్చు అన్నది పరిశోధకుల వివరణల్లో ఒకటి. ఒక దేశంలో పనిచేసిన వైద్యాన్ని పరీక్షించకుండా ఇంకో దేశంలో దించకూడదనడానికి ఇంతకంటే గట్టి ఉదాహరణ నాకు తెలియదు.

ఇప్పటిదాకా చెప్పింది ఫాస్ఫరస్ సంగతి. ఇవాళ ఆస్పత్రుల్లో ఎక్కువగా చేసేది హైడ్రోజన్‌తో. ఫాస్ఫరస్‌కు వేరే తీగచుట్ట, వేరే ఎలక్ట్రానిక్స్ కావాలి. హైడ్రోజన్‌కు ఎమ్మారై యంత్రంలో ఉన్నవే సరిపోతాయి, సంకేతమూ బలం. చిక్కల్లా నీళ్లతోనే. ఒక లీటరు మెదడు కణజాలంలో నీరు దాదాపు 40 మోల్స్ ఉంటే, మనకు కావలసిన పదార్థాల్లో బాగా ఎక్కువగా ఉండే ఎన్-అసిటైల్ ఆస్పార్టేట్, అంటే ఎన్‌ఏఏ, 10 మిల్లీమోల్స్. నాలుగువేల రెట్ల తేడా. మిగతావి ఇంకా తక్కువ. పైగా 3 టెస్లాలో కూడా ప్రతి పది లక్షల కేంద్రకాల్లో ఒక దిశకు ఎక్కువగా మొగ్గేవి సుమారు 10 మాత్రమే, సంకేతమంతా ఆ పదింటిదే. అందుకని ముందు నీటి పౌనఃపున్యానికి మాత్రమే తగిలే రేడియో తరంగాలు కొట్టి నీటి నోరు మూయించి, ఆ తర్వాతే అసలు కొలత మొదలుపెడతారు.

ఆ కొలత ఎలా నడుస్తుందో చూస్తే దీని బలమూ బలహీనతా రెండూ అర్థమవుతాయి. టెక్నీషియన్ మొదట మామూలు ఎమ్మారై బొమ్మలు తీస్తాడు. వాటి మీద మౌస్‌తో ఒక చిన్న డబ్బా గీస్తాడు, సాధారణంగా అన్ని వైపులా 2 సెంటీమీటర్లు. ఆ డబ్బాను ఎక్కడ పెట్టాలన్నదాని మీదే సగం ఫలితం ఆధారపడి ఉంటుంది. పుర్రె ఎముకకు దగ్గరైతే నెత్తి చర్మం కింది కొవ్వు సంకేతం వచ్చి పడుతుంది. ముక్కు వెనక గాలి గదులకు దగ్గరైతే క్షేత్రం వంకర తిరిగి శిఖరాలు చదునైపోతాయి. తర్వాత డబ్బా లోపల క్షేత్రాన్ని సమం చేస్తారు. ఇది సరిగ్గా కుదరకపోతే పక్కపక్క శిఖరాలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. ఆపైన ఒకే కొలతను వందకు పైగా సార్లు తీసి కూడతారు. నాలుగైదు నిమిషాలు పడుతుంది, రోగి తల కదపకూడదు.

అంత పెద్ద డబ్బా ఎందుకు, ఇంకా చిన్నది పెట్టొచ్చు కదా? 2 సెంటీమీటర్ల డబ్బాను 1 సెంటీమీటరుకు తగ్గిస్తే అందులోని కణజాలం ఎనిమిదో వంతవుతుంది, సంకేతమూ అంతే. కొలతలు కూడుతూ పోతే రొదతో పోల్చినప్పుడు సంకేతం వర్గమూలం లెక్కన మాత్రమే పెరుగుతుంది. కాబట్టి పోయిన ఎనిమిది రెట్లు తిరిగి రావాలంటే 64 రెట్ల సమయం కావాలి. ఐదు నిమిషాల పరీక్ష ఐదు గంటలు దాటుతుంది. బఠాణీ గింజంత గడ్డ విషయంలో ఈ పరీక్ష తడబడేది ఇందుకే.

మెదడు గీతను కుడి నుంచి ఎడమకు చదువుతారు, శిఖరాల చోట్లను పది లక్షల్లో వంతుల్లో చెబుతారు. ఆరోగ్యంగా ఉంటే 2.0 దగ్గర ఎన్‌ఏఏ అన్నిటికంటే ఎత్తుగా ఉంటుంది. ఇది ముఖ్యంగా నాడీకణాల్లో ఉండే పదార్థం, నాడీకణాలు చచ్చినా నీరసించినా తగ్గుతుంది. 3.0 దగ్గర క్రియాటిన్, 3.2 దగ్గర కోలిన్. కోలిన్ కణపొరల తాలూకు పదార్థం, కణాలు జోరుగా విభజన చెందే చోట పెరుగుతుంది. 1.3 దగ్గర మామూలుగా ఏమీ ఉండకూడదు. అక్కడ శిఖరం ఉందంటే లాక్టిక్ ఆమ్లమో కొవ్వో అయ్యుండాలి. ఏదని తేల్చడానికి చక్కటి కిటుకు ఒకటుంది. రేడియో తరంగం కొట్టాక సంకేతం వినడానికి ముందు ఆగే సమయాన్ని సెకనులో ఏడో వంతు చేస్తే లాక్టిక్ ఆమ్లపు (లాక్టేట్) జంట శిఖరం తలకిందులవుతుంది, కొవ్వుది కాదు.

డాక్టర్లు రిపోర్టులో అంకెలకు బదులు తరచుగా నిష్పత్తులు రాస్తారు: ఎన్‌ఏఏకి క్రియాటిన్‌కి ఎంత, కోలిన్‌కి క్రియాటిన్‌కి ఎంత అని. క్రియాటిన్ పెద్దగా మారదన్న నమ్మకంతో దాన్నే కొలబద్దగా పెట్టుకున్నారు. 1994లో జర్మనీలోని గొట్టింగెన్‌లో ఆ కొలబద్దే మాయమైంది. రెండేళ్లు నిండని పిల్లవాడు. వయసుకు తగ్గ ఎదుగుదల లేదు, కదలికల మీద అదుపు లేదు. మెదడు గీత తీస్తే క్రియాటిన్ ఉండాల్సిన చోట దాదాపు చదును. శరీరం క్రియాటిన్‌ను సొంతంగా తయారుచేసుకోలేని జన్యులోపమది, అంతవరకు ఎవరూ గుర్తించని జబ్బు. చికిత్స విచిత్రంగా సులభం, క్రియాటిన్‌ను నోటి ద్వారా ఇచ్చారు. నెలలు గడిచేకొద్దీ గీతలో ఆ శిఖరం మెల్లగా లేచింది, పిల్లవాడిలోనూ మెరుగు కనిపించింది. జబ్బును కనిపెట్టింది, మందు మెదడు దాకా చేరుతోందని చూపింది ఒకే పరీక్ష.

మన దేశంలో ఈ పరీక్షకు ఎక్కువ పని పడేది ఇంకో చోట. ఎవరికో ఉన్నట్టుండి ఫిట్స్ వస్తాయి, స్కాన్‌లో మెదడులో ఉంగరంలాంటి మచ్చ కనిపిస్తుంది. అది క్షయ గడ్డ కావచ్చు, బద్దెపురుగు లార్వా తిత్తి కావచ్చు, చీముగడ్డ కావచ్చు, క్యాన్సర్ కావచ్చు. నాలుగింటికీ వైద్యాలు వేరు. బొమ్మలో నాలుగూ దగ్గరదగ్గరగా ఉంటాయి. పుర్రెకు రంధ్రం చేసి ముక్క తీయడమంటే చిన్న విషయం కాదు. లక్నోలోని సంజయ్ గాంధీ పీజీఐలో రాకేశ్ గుప్తా బృందం ఇలాంటి గడ్డల రసాయనాన్ని 1990ల నుంచి శ్రద్ధగా చదివింది. క్షయ గడ్డ మధ్యలో జున్నులాంటి మృతపదార్థం ఉంటుంది, కాబట్టి గీతలో 1.3 దగ్గర కొవ్వు శిఖరం ఒక్కటే మెట్టలా లేస్తుంది. చీముగడ్డలో బాక్టీరియా, తెల్లకణాలు కలిసి ప్రొటీన్లను విరగ్గొడతాయి కాబట్టి 0.9 దగ్గర అమైనో ఆమ్లాలు, ఒక్కోసారి 1.9 దగ్గర అసిటేట్ బయటపడతాయి. ఇవి మామూలు మెదడులో గాని కంతిలో గాని కనబడేవి కావు. కంతిలో కోలిన్ పెరుగుతుంది, ఎన్‌ఏఏ పడిపోతుంది.

పుస్తకంలో చదివితే ఇంత శుభ్రంగా ఉంటుంది. నిజంలో బాగా ముదిరిన గ్లయోమా అనే మెదడు కంతి లోపల కుళ్లిన భాగం కూడా కొవ్వు శిఖరమే చూపిస్తుంది. క్షయ గడ్డ చుట్టూ వాపులో కోలిన్ కాస్త పెరిగి కంతిలా భ్రమ పెట్టొచ్చు. అందుకే రిపోర్టులో ‘క్షయకు అనుకూలంగా ఉంది’ అని రాస్తారు గాని ‘క్షయే’ అని రాయరు. ఆ జాగ్రత్తను పిరికితనం అనుకోకూడదు. ఆ గీతను, బొమ్మను, రక్తపరీక్షను, ఛాతీ ఎక్స్‌రేను కలిపి చూసి, మందు మొదలుపెట్టి, కొన్ని వారాల తర్వాత మళ్లీ స్కాన్ తీసి గడ్డ తగ్గిందా అని చూస్తారు. ఒక్క గీత చూసి తేల్చేసే డాక్టరు కంటే ఇలా తిప్పలు పడే డాక్టరే నయం.

ఒక్క చోట మాత్రం ఈ గీత జన్యువు దాకా చెప్పగలదు. కొన్ని గ్లయోమాల్లో ఐడీహెచ్ అనే జన్యువు మారిపోయి, మామూలు మెదడులో నామమాత్రంగా ఉండే 2-హైడ్రాక్సీ గ్లుటరేట్‌ను కుప్పలుగా తయారుచేస్తుంది. ఆ మార్పు ఉన్న కంతి కాస్త నెమ్మదైనది, అది లేని కంతితో పోలిస్తే రోగి ఎక్కువకాలం బతుకుతాడు. 2012లో అమెరికాలోని డాలస్ పరిశోధకులు ఆ పదార్థం శిఖరాన్ని 2.25 దగ్గర గ్లుటమేట్, గ్లుటమిన్‌ల రద్దీలోంచి వేరుచేసి రోగుల్లో చూపించారు. ఆపరేషన్ బల్ల ఎక్కకముందే కంతి తీరు తెలిసే అవకాశం వచ్చింది.

మెదడు బయట చూస్తే, షుగర్ వ్యాధిలో అసలు తప్పు ఎక్కడుందన్న ప్రశ్నకు దీని సాయం పెద్దది. 1990లో యేల్ విశ్వవిద్యాలయంలో జెరాల్డ్ షుల్మన్ బృందం కార్బన్-13 గుర్తున్న గ్లూకోజును నరంలోకి ఎక్కిస్తూ పిక్క కండరంలో గ్లైకోజెన్ పోగయ్యే వేగాన్ని నేరుగా చూసింది. టైప్ 2 షుగర్ ఉన్నవాళ్లలో ఆ వేగం మిగతావాళ్లలో ఉన్నదానిలో సగం కూడా లేదు. తర్వాత ఫాస్ఫరస్‌తో చూసి, కణం లోపలికి గ్లూకోజు చేరే తొలి మెట్లలోనే అడ్డుందని తేల్చారు. కాలేయానికి కొవ్వు పట్టిందా అన్నదీ ఇలాగే కొలవొచ్చు. సూదితో తీసే కాలేయపు ముక్క మొత్తం కాలేయంలో యాభైవేల వంతు. ఆ చిన్న తునక కొవ్వు ఎక్కువున్న చోటు నుంచి వచ్చిందో తక్కువున్న చోటు నుంచి వచ్చిందో అదృష్టం. స్పెక్ట్రోస్కోపీ డబ్బా దానికంటే ఎన్నో రెట్లు పెద్దది. డాలస్‌లో వేలమందిని ఇలా చూశాకే 5.56 శాతం కొవ్వు అన్న హద్దు వాడుకలోకి వచ్చింది.

ఇన్ని ఉన్నా మన ఊళ్లలో స్కాన్ సెంటర్లు దీన్ని అరుదుగా చేస్తాయి. పదిహేను నిమిషాల అదనపు సమయం అంటే ఇంకో రోగి స్కాన్ పోయినట్టు. గీత చదవగలిగినవాళ్లు తక్కువ. క్షేత్రాన్ని సరిగ్గా సమం చేయకుండా తీసిన గీత మీద ఎంత పెద్ద నిపుణుడైనా చేయగలిగింది లేదు. ఒక కంపెనీ యంత్రంలో వచ్చిన నిష్పత్తిని ఇంకో కంపెనీ యంత్రంలో వచ్చినదాంతో పోల్చాలంటే జంకాలి.

సంకేతం మరీ బలహీనమన్న మూలసమస్యకు 2003లో ఒక కొత్త దారి దొరికింది. కార్బన్-13 ఉన్న, గ్లూకోజు విరిగితే వచ్చే పైరువేట్‌ను సున్నాకు 272 డిగ్రీల దిగువన గడ్డకట్టించి, మైక్రోవేవ్ తరంగాలతో దాని కేంద్రకాలను ఒక దిశకు మొగ్గేలా చేసి, చటుక్కున వేడినీటితో కరిగిస్తే సంకేతం పదివేల రెట్లకు పైగా పెరుగుతుంది. క్యాన్సర్ కణాలు పైరువేట్‌ను జోరుగా లాక్టేట్‌గా మారుస్తాయి, ఆ మార్పును సెకన్ల లెక్కన చూడొచ్చు. 2013లో శాన్‌ఫ్రాన్సిస్కో వైద్యులు ప్రోస్టేట్ క్యాన్సర్ రోగుల్లో దీన్ని మొదటిసారి ప్రయత్నించిన ఫలితాలు ప్రచురించారు. ఒకరిలో మామూలు ఎమ్మారైకి ఏమీ దొరకని వైపు లాక్టేట్ వెలిగింది. అక్కడికి సూది పంపి ముక్క తీస్తే క్యాన్సరే అని తేలింది. అయితే ఈ అదనపు బలం నిమిషంలోనే చాలావరకు కరిగిపోతుంది. కాబట్టి మందును స్కానర్ పక్కగదిలోనే తయారుచేయాలి, దాని శుద్ధిని, పీహెచ్‌ను, ఉష్ణోగ్రతను క్షణాల్లో పరీక్షించాలి, పరుగున తెచ్చి రోగి నరంలోకి ఎక్కించాలి. ఈ మొత్తం హంగామాకు ఓపిక, డబ్బు ఉన్న కేంద్రాలు ప్రపంచంలో ఇంకా కొన్నే.